ముసలాయన మోడ్ మార్చాడు

"ముసలాయన మళ్ళీ మోడ్ మార్చాడు. అంతా గ్యాస్ ప్రాబ్లమే. ఇంక ఎక్కువ రోజులు ఉండడు. పోయేలోపే కొత్తవాణ్ణి తెచ్చి పెట్టుకోవాలి. పైవాళ్ళకి ఇప్పుడే చెప్పకు, కంగారు పడతారు."

టేపు ఆగింది. బ్రీఫింగ్ రూమ్‌లో అందరూ ఒకే మనిషి వైపు తిరిగారు. గూఢచారి బ్యూరో చీఫ్‌ను వెనకాల అందరూ ముసలాయన అనే అంటారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. నోట్లో వేసుకోబోతున్న గ్యాస్ మాత్రను అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

"నా హత్యకు ప్లాన్," అన్నాడు చివరికి. "ఆ గొంతెవరిది?"

"లేజర్ ల్యాబ్ హెడ్‌ది సార్," అంది ఏజెంట్ నెమలి. టేపు తెచ్చింది ఆమే. విదేశీ ముఠాలో మనిషిగా నటిస్తూ వాళ్ళ రహస్యాలు బ్యూరోకు మోసుకొచ్చే డబుల్ ఏజెంట్. ఆమె గదిలోకి వస్తే ఫైలు చదివేవాళ్ళు చదివిన లైనే మళ్ళీ చదువుతారు. "వాల్ట్ దగ్గర ఒక లేజర్ చుక్క ఆకారాలు మారుస్తోంది. అది ముఠాకు పంపే కోడ్."

ఏజెంట్ డేగ నోరు విప్పలేదు. ఆ గొంతు అతని వదినది. తల్లి పోయాక అతనికి అన్నం పెట్టి, లెక్కలు నేర్పి, కాలేజీకి పంపింది ఆవిడే. ఆ మాట చెబితే కేసు వేరేవాళ్ళకు పోతుంది. కేసు గెలిచినవాడిది డిప్యూటీ చీఫ్ కుర్చీ.

"ఈ మిషన్ నాకివ్వండి సార్," అన్నాడు డేగ. అన్న మరుక్షణం తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

మారువేషం: ఏసీ మెకానిక్. పెట్టుడు మీసం, నీలం యూనిఫాం, స్క్రూడ్రైవర్‌లో కెమెరా. ల్యాబ్ వాల్ట్‌లో జలాంతర్గాములకు దారి చూపే యంత్రం ఉంది. ఒకే ఒక్క నమూనా. వాల్ట్ గుమ్మానికి అడ్డంగా ఎర్రటి లేజర్ వెలుగు పోయి అవతలి గోడకున్న డిటెక్టర్ మీద చుక్కగా పడుతుంది. ఆ చుక్క ఆరిపోతే చాలు, పైనుంచి ఉక్కు తలుపు దిగుతుంది.

డేగ స్టూలెక్కి, నిక్షేపంలా ఉన్న ఏసీని విప్పుతూ బిగిస్తూ రోజంతా ఆ చుక్కనే చూసేవాడు. పొద్దున్నే ఆన్ చేయగానే గుండ్రం. కాస్త వేడెక్కాక మధ్యలో గీత పడి రెండు ముక్కలు. ఆ తర్వాత నడుమ ఖాళీతో చుట్టకుదురు. ఒక్కోసారి చూస్తుండగానే మళ్ళీ ముక్కలు. ఒక్కో ఆకారానికి ఒక్కో అక్షరం అంటగట్టి అతను కోడ్ విప్పాడు. "కప్ప ఈల రేపు గొడుగు" అని వచ్చింది. కప్ప అంటే జలాంతర్గామి అనీ, గొడుగు అంటే చీఫ్ సెక్యూరిటీ అనీ తనే అర్థం చెప్పుకుని రిపోర్టు మీద సంతకం పెట్టాడు.

వదినను అరెస్టు చేశారు. సాయంత్రం మిలిటరీ జైలుకు తరలించాలి. అంతకుముందు ల్యాబ్ సెక్యూరిటీ గదిలోనే ఇంటరాగేషన్. చుక్క కనిపించే మానిటర్‌ను సాక్ష్యంగా బల్ల మీద పెట్టారు. చీఫ్ పక్కన డేగ కూర్చున్నాడు, మీసం లేకుండా. ఇంట్లోవాళ్ళ దృష్టిలో అతనిది ఇన్సూరెన్స్ ఉద్యోగం. వదిన అదిరిపడుతుందనుకున్నాడు.

"మీసం తీసేశావా? నయం, నీకు నప్పలేదు," అందావిడ.

"గుర్తుపట్టావా వదినా?"

"మొదటి రోజే. ఉద్యోగం పోయిందేమో, ఇంట్లో చెప్పుకోలేక ఏసీలు బాగు చేసుకుంటున్నావేమో అనుకున్నా. అడిగితే చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నా. మీ అన్నయ్యకి కూడా చెప్పలేదు. నీకేదైనా పర్మనెంటు పని ఇప్పించమని మా డైరెక్టర్ని బతిమాలుకున్నానయ్యా!"

డేగకు తల కొట్టేసినట్టయింది.

చీఫ్ బల్ల మీద చరిచాడు. "ముసలాయన ఎవరు? నిజం చెప్పండి!"

"ఆ లేజరండీ. నేను ఉద్యోగంలో చేరేటప్పటికే ఉంది, అందుకే ఆ పేరు. హీలియం, నియాన్ నింపిన గాజు గొట్టం. ఏళ్ళు గడిచేకొద్దీ హీలియం మెల్లగా బయటికి పోతుంది. అద్దాలు ఒరుగుతాయి. వెలుగు ఒక ఆకారంలో నిలవదు. ఆ ఆకారాన్నే మేం మోడ్ అంటాం. పోయేలోపు కొత్తది పెట్టాలన్నాను. అది తప్పా?"

"మరి కప్ప, ఈల, గొడుగు?"

వదిన మరిది వైపు తిరిగింది. "అది నువ్వు చదివావా? చిన్నప్పుడు పెచ్చులూడిన గోడ మీద ఏనుగులు కనబడేవి నీకు. ఇంకా తగ్గలేదన్నమాట."

ఆవిడ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. భూమి చీలితే దూరిపోవాలనిపించింది డేగకు. ఆవిడ ముఖం చూడలేక మానిటర్ వైపు చూశాడు.

చుక్క గుండ్రంగా ఉంది. లేజర్ పొద్దుటినుంచీ ఆన్‌లోనే ఉంది. ఈపాటికి చీలాలి, లేదా చుట్టకుదురు కావాలి. ఎంతసేపు చూసినా చుక్క కదల్లేదు, మెదల్లేదు.

"వదినా, ఇది ముసలాయన కాదు!"

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసింది. "కాదు. ఎవరో కుర్రాడు. డిటెక్టర్ ముందు ఇంకో లేజర్ పెట్టారు!"

"వాల్ట్ దగ్గర ఎవరున్నారు సార్?"

"నెమలి," అన్నాడు చీఫ్. "సాక్ష్యాలు వెతుకుతానంది."

డేగ కారిడార్‌లోకి పరుగెత్తాడు. డిటెక్టర్ ముందు పెన్నంత లేజర్ బిగించి ఉంది. ముసలాయన వెలుగు దాని వీపు మీదే ఆగిపోతోంది. వాల్ట్ లోపలినుంచి నెమలి వస్తోంది, చంకలో పెట్టె, చేతిలో పిస్టల్.

"అక్కడే ఆగు డేగా. ఈ తేడా కనిపెట్టగలిగేది మీ వదినొక్కతే. అందుకే ఆవిణ్ణి తప్పించాల్సొచ్చింది. ఆవిడ నీకేమవుతుందో తెలిసే ఆ టేపు నీ ముందు వేయించా. కుర్చీ కోసం నోరు మూసుకుంటావని మావాళ్ళతో పందెం కట్టా. గెలిపించావు, థాంక్స్."

ఆమె చెప్పినదాంట్లో ఒక్క ముక్కా అబద్ధం కాదు. పిస్టల్ అతని గుండెకు గురిపెట్టి నెమలి గడప దాటడానికి కాలెత్తింది.

డేగ చెయ్యి చాచి పెన్ను లేజర్‌కు అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఉక్కు తలుపు దభాలున దిగింది. నెమలి వెనక్కి వాల్ట్‌లోకే దూకింది. పేలిన గుండు అవతలివైపు తలుపుకు తగిలి ఖంగుమంది.

చీఫ్ వదినకు చేతులెత్తి దండం పెట్టి, విడుదల కాగితాల మీద సంతకం చేశాడు. తర్వాత డేగ భుజం తట్టి, "డిప్యూటీ చీఫ్ పోస్టు నీదే" అన్నాడు.

వదిన బ్యాగు తగిలించుకుంది.

"వదినా, నన్ను..."

"క్షమాపణలు తర్వాత. ముందు బండెక్కు. జరిగిందంతా మీ అన్నయ్యకి నువ్వే చెప్పాలి. నేను ఒక్క ముక్క చెప్పను."

ఆవిడ వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడింది. డేగ తల ఎత్తకుండానే చీఫ్ చెవి దగ్గరికి వంగాడు.

"పోస్టు వద్దు సార్. వెళ్ళినవాడు ప్రాణాలతో తిరిగొస్తాడన్న నమ్మకం లేని మిషన్ ఏదైనా ఉంటే ఇప్పుడే పంపించండి."

చీఫ్ గుమ్మం వైపు ఒకసారి చూశాడు.

"ఉంది," అన్నాడు. "ఆవిడ వెనకే ఇంటికి వెళ్ళు."