మూడో వకీలు

విల్సన్ మంచం ఖాళీగా ఉంది.

సోనాపూర్ లేబర్ క్యాంపు. రూమ్ నంబర్ 214. 2006 ఆగస్టు, శనివారం ఉదయం. కార్మికుల బస్సులు తెల్లారకముందే వెళ్లిపోయాయి. మనుషులు లేని గదిలో ఏసీ ఒక్కటే గురగురమంటోంది.

ప్రేమరాజు వంగి మంచం కిందికి చూశాడు. ఒంగోలులో ఎస్సైగా చేసి, ఇప్పుడు దుబాయ్‌లో ఒక హోటల్‌కి సెక్యూరిటీ మేనేజర్‌గా ఉన్నాడు. ఖాకీ వదిలినా మంచాల కింద వెతికే అలవాటు వదల్లేదు.

"భాగ్ గయా సాబ్," అన్నాడు క్యాంప్ బాస్. హైదరాబాద్ మనిషి. "పారిపోయిండు. కంపెనీ రిపోర్ట్ పెట్టేసింది. ఖలాస్."

"ఎప్పుడు?"

"రాత్రి."

"ఎలా?"

"నడుసుకుంట పోయిండు."

ప్రేమరాజు మంచం కింద నుంచి సేఫ్టీ షూస్ బయటికి లాగాడు. మడమల మీద తెల్ల పెయింట్‌తో 214 అనీ, కింద విల్సన్ అనీ రాసి ఉంది. ఒకరివి ఇంకొకరు వేసుకుపోకుండా క్యాంపుల్లో అందరూ చేసే పనే. పక్కన రబ్బరు చెప్పులు కూడా ఉన్నాయి.

"వట్టి కాళ్లతోనా?"

ప్రేమరాజు షూస్ చంకలో పెట్టుకుని బయటికి వచ్చాడు.

గేటు దగ్గర టాక్సీలో కృపారాణి ఎదురు చూస్తోంది.

"ఉన్నాడా అన్నయ్యా?"

"లేడమ్మా. తీసుకెళ్లిపోయారు."

ఆమె కళ్లు మూసుకుంది. కృపారాణి నర్సు. సాయం చేయమని ప్రేమరాజుని పిలిచింది ఆమే. పోయిన నెల ఆమె భర్త ఫ్రాంక్లిన్ కట్టుబడి సైట్‌లో ఏడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. మధ్యాహ్నం ఎండలో పని చేయించకూడదని ప్రభుత్వం నిషేధించిన వేళ అది. రిపోర్టులో మాత్రం క్యాంపు మెట్ల మీద కాలు జారాడని ఉంది. ఆ మాటకు సాక్షి సంతకం పెట్టినవాడు దుబాయ్ తెలుగువాళ్ల సంఘం సాగరాంధ్ర సమితి అధ్యక్షుడు దక్షిణామూర్తి. ఫ్రాంక్లిన్‌ని పనికి పెట్టుకున్న కంపెనీ ఆయనదే.

పడటం కళ్లారా చూసినవాడు తోటి కార్మికుడు విల్సన్ ఒక్కడే.

పదవిలో ఉన్న అధ్యక్షుడి మీద విచారణ జరపాలంటే సమితిలో లా చదివిన సభ్యులు ముగ్గురు కలవాలి. ఒక్కరు తగ్గినా విచారణ లేదు. విచారణలో సంతకం అబద్ధమని తేలితేనే కేసు మళ్లీ పోలీసుల ముందుకు వెళ్తుంది. ఆ ముగ్గురి కోసం కృపారాణి డ్యూటీలు మార్చుకుని మరీ ఇల్లిల్లూ తిరిగింది. నిన్న శుక్రవారం వాళ్లు మొదటిసారి కలిశారు. విల్సన్ కూడా వచ్చాడు.

తెల్లారేసరికి విల్సన్ మాయం.

*

సాయంత్రం బర్ దుబాయ్. నాలుగో అంతస్తు, ఫ్లాట్ 402. ఇల్లు రామ్మోహనరావుది. ఒక కంపెనీకి లీగల్ అడ్వైజర్. ముగ్గురిలో పెద్దవాడు.

"నిన్న తలుపులు?" ప్రేమరాజు అడిగాడు.

"మూసే ఉన్నాయండి."

"కిటికీలు?"

"కర్టెన్లు కూడా వేశాను. టీవీ సౌండ్ పెంచాను. మొబైల్స్ ఆఫ్ చేయించాను."

"బెదిరింపులు ఎవరెవరికి వచ్చాయి?"

"మన ఊళ్లో మా ఆవిడ ఏ ఇంట్లో దిగిందో ఎవడో ఫోన్ చేసి చెప్పి పెట్టేశాడు." అన్నాడు రామ్మోహనరావు.

సోఫాలో రెండో వకీలు సుజిత్. హైదరాబాద్ కుర్రాడు. "మా ముదీర్, అదే మేనేజర్, పొద్దున్నే పిలిచిండు సార్. కమిటీ కావాల్నా, వీసా కావాల్నా అన్నడు."

"నా మీద ఆసుపత్రిలో కంప్లైంట్ పడింది," అంది కృపారాణి.

"మూడో ఆయన?"

రామ్మోహనరావు గొంతు తగ్గించి అన్నాడు. "ఖాదర్ హుస్సేన్‌కి ఒక్క ఫోన్ రాలేదు. ఒక్క మాట లేదు. మీరే అర్థం చేసుకోండి."

బెల్ మోగింది. ఖాదర్ హుస్సేనే. కడప మనిషి, కోర్టు కాగితాలు అరబ్బీలోకి తర్జుమా చేసే వకీలు. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. దాన్ని కుర్చీ కింద పెట్టుకుని కూర్చున్నాడు. గదిలో వాతావరణం ఆయనకు చెప్పకుండానే అర్థమైంది.

"నన్ను అనుమానిస్తాండారా?"

"మిమ్మల్ని ఎందుకు బెదిరించలేదు భాయ్?" అన్నాడు సుజిత్.

"అది బెదిరించినోన్ని అడగల్ల."

"సంచిలో ఏముంది?" ప్రేమరాజు అడిగాడు.

"చెప్పులు సార్. మొన్న మసీదు కాడ కొత్త జత ఎవడో ఏసుకపోయినాడు. అప్పుట్నించి యాడికి పోయినా సంచిలో ఏసుకోని లోపలికే తెచ్చుకుంటాండా."

సుజిత్ నవ్వాడు. ప్రేమరాజు నవ్వలేదు.

"శుక్రవారం కూడానా?"

"జుమ్మా నమాజు నుంచి నేరుగా ఈడికే వస్తిని గదా సార్."

ప్రేమరాజు లేచి తలుపు తీసి కారిడార్‌లోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"సోమవారం సాయంత్రం ఆరింటికి మళ్లీ ఇక్కడే కలవండి. శుక్రవారం ఎలా వచ్చారో అలాగే రండి. నేను మాత్రం లోపల ఉండను."

*

సోమవారం ప్రేమరాజు అందరికంటే ముందు వచ్చి, గుమ్మం దగ్గర ఒక చిన్న పని చేసి, కిందికి దిగిపోయాడు. స్నేహితుడి కారులో కూర్చున్నాడు.

ఆరున్నర కాకుండానే బిల్డింగ్‌లోంచి ఒకడు పరుగున వచ్చాడు. తెల్ల పికప్ ఎక్కాడు.

"యల్లా, వెనకే పోనీ," అన్నాడు ప్రేమరాజు.

దుబాయ్ దాటింది. అబుదాబి రోడ్డు ఎక్కింది. ముసఫ్ఫా, ఐకాడ్ పారిశ్రామికవాడలు. ఫ్యాక్టరీల వెనక ఖాళీ చేసిన ఒక పాత క్యాంపు. పికప్ వాడు జేబులోంచి తాళంచెవి తీసి చివరి గది తలుపు తెరిచాడు. లోపలికి తొంగిచూసి, హమ్మయ్య అన్నట్టు గోడకి ఆనుకున్నాడు.

ప్రేమరాజు అప్పటికే పోలీసులకు ఫోన్ చేస్తున్నాడు.

పోలీసులు వెళ్లేసరికి ఆ గదిలో నేల మీద విల్సన్ ఉన్నాడు. వట్టి కాళ్లతో. పెదాలు పగిలి ఉన్నాయి. "ముందు మంచినీళ్లివ్వండి బాబూ," అన్నాడు. "తర్వాత ఏవడిగినా చెబుతానండి."

*

బుధవారం సాయంత్రం మళ్లీ 402. విల్సన్ కూడా వచ్చాడు. ఈసారి జోళ్లన్నీ గదిలో ఒక మూల కుప్పగా ఉన్నాయి. ప్రేమరాజు అందరి చేతా లోపలికి తెప్పించాడు.

"మీలో ఎవరూ చెప్పలేదు," అన్నాడు. "చెప్పినవి అవి." మూల ఉన్న కుప్పని చూపించాడు.

"జోళ్లా?" రామ్మోహనరావు తెల్లబోయాడు.

"తలుపులు మూశారు. కర్టెన్లు వేశారు. ఫోన్లు కట్టేశారు. జోళ్లు మాత్రం మనవాళ్ల అలవాటు కొద్దీ గుమ్మం బయట విప్పేసి వచ్చారు. విల్సన్ షూస్ మీద రూమ్ నంబరూ పేరూ ఉన్నాయి. కృపారాణి డ్యూటీ నుంచి వచ్చింది, నర్సుల తెల్ల షూస్. సుజిత్, నీ నారింజ లేసుల షూస్ ఎవరిచ్చారు?"

సుజిత్ కుప్పలో తన జత వైపు చూశాడు. "సమితి క్రికెట్ టీమ్‌కి... ప్రెసిడెంట్ సారే ఇచ్చిండు."

"ఎదురు ఫ్లాట్ 403. వాచ్‌మన్‌ని అడిగితే దక్షిణామూర్తి కంపెనీ పేరున ఉందన్నాడు. అందులో ఉండేది ఆయన పి.ఆర్.ఓ., కంపెనీ వీసాల పనులు చూసేవాడు. తలుపుకున్న పీప్‌హోల్‌కి కన్ను ఆనిస్తే మీ గుమ్మం మొత్తం కనపడుతుంది. వాడు చూసేసరికి మీరంతా లోపల, జోళ్లు బయట. బయట జోళ్లున్న ప్రతివాడికీ బెదిరింపు వచ్చింది. సంచిలో పెట్టుకున్నవాడికి రాలేదు. ఆయన వచ్చినట్టే వాళ్లకు తెలీదు."

ప్రేమరాజు కుప్పలో విల్సన్ జతని వేలితో చూపించాడు.

"సోమవారం నేను విల్సన్ షూస్ మీ గుమ్మం ముందు పెట్టాను. పి.ఆర్.ఓ. చూశాడు. బంధించినవాడు బయటికెలా వచ్చాడని గుండె జారిపోయింది. గది తాళంచెవి ఒక్కటే, అదీ తన జేబులోనే. అక్కడ కాపలా ఎవరూ లేరు, ఫోన్ చేసి అడిగే దారి లేదు. స్వయంగా పరుగెత్తాడు."

రామ్మోహనరావు లేచి వెళ్లి ఖాదర్ హుస్సేన్ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"పోనీలేప్పా," అన్నాడు ఖాదర్ హుస్సేన్. కానీ చేతులు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"మరి దక్షిణామూర్తి?" కృపారాణి అడిగింది.

"ఇవాళ కూడా కుర్చీలోనే ఉన్నాడు. పి.ఆర్.ఓ. అంతా తన మీదే వేసుకున్నాడు." ప్రేమరాజు గొంతు తగ్గించాడు. "403లోకి నిన్ననే ఇంకొకడు దిగాడమ్మా. సంతకాలు పెట్టాక ఏం జరుగుతుందో నేను చెప్పలేను. ఇకనుంచి జోళ్లు లోపలే విప్పండి."

బల్ల మీద విచారణ కాగితం ఉంది. మూడు సంతకాల జాగా ఖాళీగా ఉంది. సుజిత్ దాని వైపు చూడటం లేదు.

కృపారాణి లేచింది. మూల నుంచి తన తెల్ల షూస్ తీసుకుంది. తలుపు తెరిచి, గుమ్మం బయట, 403కి ఎదురుగా పెట్టింది.

"అదేంటమ్మా!"

"చూడనీయండి అన్నయ్యా. చచ్చిపోయింది నా మొగుడు. దాక్కోవాల్సింది నేను కాదు."

ఖాదర్ హుస్సేన్ కుర్చీ కింద సంచి తీసి, చెప్పులు ఆమె షూస్ పక్కన పెట్టాడు. రామ్మోహనరావు తనవి తెచ్చాడు. సుజిత్ ఇంకా కూర్చునే ఉన్నాడు. అందరూ అతని వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించారు. కాసేపటికి అతను లేచి, నారింజ లేసుల జత చేత్తో పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. కింద పెట్టాడు.

ఎదురు తలుపు పీప్‌హోల్‌లో అంతసేపూ కనపడిన వెలుగు చప్పున ఆరిపోయింది. అవతల ఎవరో కన్ను ఆనించారు.

కృపారాణి కదల్లేదు. ఆ చీకటి చుక్క వైపే చూస్తూ నిలబడింది. తర్వాత లోపలికి వచ్చి కాగితం రామ్మోహనరావు ముందుకు జరిపింది.

"రాసుకోండి సార్."

విల్సన్ చెప్పడం మొదలుపెట్టాడు.