రంపాలపేట రసమాపకం
రసమాపకం ముల్లు శ్రద్ధాంజలి పేజీ దగ్గర చివాలున లేచి, అంకెలన్నీ దాటేసి, చివర ఆనుకుని వణుకుతోంది.

"నవ్వుతున్నారు" అన్నాడు డాక్టర్ కౌండిన్య, తెర మీంచి కళ్లు తియ్యకుండా. "పోయినవాళ్ల ఫొటోలు చూసి ఎవరో లోలోపల పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంటున్నారు మేడమ్."

రంపాలపేట శాఖా గ్రంథాలయం నడిపే హైమవతి ఆఫీసు గది అద్దంలోంచి తొంగి చూసింది. అవతల చదువుల గదిలో పొడుగాటి బల్ల. బల్ల చుట్టూ నిలువుగా పట్టుకున్న దినపత్రికలు. పత్రికల పైన బట్టతలలు. ఒక్కరూ నవ్వుతున్నట్టు లేరు. రంపాలపేట పెద్దమనుషులు పెళ్లి ఫొటోల్లోనే నవ్వలేదు, గ్రంథాలయంలో నవ్వుతారా?

అప్పటికి రంపాలపేట ఉన్న రాజమండ్రి చాలా మారింది. డ్రైవరు లేని ఆటోలొచ్చాయి. అవి కూడా చిల్లర లేదనే అంటున్నాయి, అది వేరే సంగతి. వార్తలన్నీ కళ్లజోడు అద్దాల మీదే కనిపిస్తుంటే, కాగితం మడత పెడితే గాని వార్త ఒంటబట్టని పెద్దల కోసం గ్రంథాలయాలకి మాత్రమే పత్రికలు అచ్చేస్తున్నారు.

ఇక కౌండిన్య తయారుచేసిన ఆ యంత్రం సంగతి. పుస్తకం నచ్చిందా అని అడిగితే మనిషి మొహమాటానికి అబద్ధమాడతాడు, గుండె ఆడదు. కౌండిన్య సిద్ధాంతం అదే. కుర్చీ కింద బిళ్లంత సెన్సర్ ఉంటుంది. అది నాడినీ ఊపిరినీ పట్టుకుంటుంది. ఎదురుగోడ మీది కెమెరా ఆ మనిషి ముందు ఏ అచ్చుపేజీ ఉందో చూస్తుంది. రెండూ కలిపి రసమాపకం మార్కులు వేస్తుంది. అంతవరకూ పుస్తకాలు కొనాలంటే ఎంపిక సంఘం కూర్చోవాలి. సంఘం కూర్చుంటే పకోడీలు రావాలి. పకోడీలయ్యాక సభ్యుల్లో ఒకరి వియ్యంకుడు రాసిన ఆత్మకథ కొనాలి. రాష్ట్రంలో ఎంపిక సంఘమన్నదే లేకుండా చెయ్యాలని కౌండిన్య చిన్నప్పటి కల. చిన్నప్పుడు కూడా అతను అలాంటి కలలే కనేవాడు.

హైమవతి కోరిక అంతకన్నా చిన్నది. ఆవిడ గ్రంథాలయంలో సగం అల్మరాలు పోటీపరీక్షల గైడ్లు, మిగతా సగం ఆ పరీక్షలు పోయాక చదువుకునే భక్తి పుస్తకాలు. వాటి మధ్య ఒక్క అల్మరా నిండా గ్రాఫిక్ నవలలు, అంటే బొమ్మల్లో నడిచే నవలలు, పెట్టాలని ఆవిడ ఆశ. ఈ సెలవులకల్లా వస్తాయని పేటలో పిల్లలందరికీ ముందే చెప్పేసింది కూడా. పైవాళ్లు ఒక షరతు పెట్టారు. నమూనా పుస్తకాలు వారం పాటు బల్ల మీద ఉంచాలి. ముల్లు లేస్తే అల్మరా నిండుతుంది. లేవకపోతే ఆ డబ్బుతో మరిన్ని గైడ్లొస్తాయి.

నమూనాలు ఆవిడే ఏరి తెచ్చింది. చంద్రుడి మీద ఇడ్లీబండి పెట్టిన అక్కాచెల్లెళ్ల కథ ఒకటి. ఒక్క మాటా లేకుండా ముసలి ఏనుగు కథ చెప్పేది ఒకటి. తీరా ఆ వారం పిల్లలకి పరీక్షలొచ్చిపడి ఒక్కరూ రాలేదు. పత్రికల బల్ల దగ్గర పెద్దలే దిక్కయ్యారు.

వారమయ్యేసరికి గ్రాఫిక్ నవలలకి సున్నా వచ్చింది. శ్రద్ధాంజలి పేజీ ఫస్టు, టెండరు ప్రకటనలు సెకండు. శ్రద్ధాంజలి పేజీలు బైండు చేయించి అల్మరా నింపమని యంత్రం సలహా. కౌండిన్య దాన్ని గంభీరంగా చదివి వినిపించాడు. ఆ మనిషికి హాస్యమాడటం రాదు, అదే చిక్కు.

"డాక్టరు గారూ, టెండరు ప్రకటన చదివితే ఎవరికైనా గుండె దడదడలాడుతుందాండీ?"

"కాంట్రాక్టర్లకి ఆడొచ్చు" అన్నాడు కౌండిన్య, బాగా ఆలోచించి.

హైమవతి ఇక లాభం లేదని, ఫ్యాను తగ్గించే వంకతో చదువుల గదిలోకి వెళ్లింది. పరబ్రహ్మం మాస్టారి వెనకగా నడిచి, ఆగిపోయింది. శ్రద్ధాంజలి పేజీ మడతలో ఇడ్లీబండి పుస్తకం ఉంది. చంద్రుడి మీద అక్కాచెల్లెళ్లు పోట్లాడుకుంటుంటే చట్నీ గాల్లో తేలుతోంది. మాస్టారి భుజాలు చప్పుడు లేకుండా ఎగిరిపడుతున్నాయి. పక్క కుర్చీలో రిటైరైన రైల్వే గార్డు గవర్రాజు టెండరు పేజీ చాటున ఏనుగు కథ చదువుతూ తువ్వాలుతో కళ్లొత్తుకుంటున్నాడు. బల్ల చుట్టూ ఇదే తంతు.

ఎందుకు దాచుకుంటున్నారో ఆవిడకి ఇట్టే అర్థమైంది. మాస్టారు హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో పేటలో ఏ కుర్రాడి సంచిలో బొమ్మల పుస్తకం దొరికినా చెవి మెలేసి లాక్కునేవాడు. ఆ చెవులన్నీ ఇప్పుడు ఆ బల్ల చుట్టూనే ఉన్నాయి. శిష్యుల ముందు ఆయన ఆ పుస్తకం ఎలా విప్పుతాడు? ఆయన ముందు వాళ్లెలా విప్పుతారు? పాపం, కెమెరాకి కనిపించింది పత్రికే.

ఉన్నమాట కౌండిన్యతో చెప్పేస్తే అల్మరా నిలబడుతుంది. కాని అతను కుర్చీతో సహా, పేరుతో సహా నివేదికలో రాస్తాడు. మర్నాటి నుంచి మాస్టారు గుమ్మం తొక్కడు. ఆయన రాని బల్లని హైమవతి ఊహించుకోలేకపోయింది. చెప్పకపోతే పిల్లలకి మొహం చూపించలేదు. చివరికి ఒక్కరోజు గడువడిగింది. కౌండిన్య కొంచెం నసిగి ఇచ్చాడు.

మర్నాడు పొద్దున్నే బల్ల చివర నిలబడి, ఎన్నడూ లేని ఆఫీసు గొంతు తెచ్చుకుంది. ఈ బొమ్మల పుస్తకాలు పిల్లల చేతికి వెళ్లబోతున్నాయి, లోపలేముందో ఎవరికీ తెలీదు, తగనిదేమైనా ఉంటే రేపు మాట ఎవరికొస్తుంది, అందుకని పెద్దలంతా పరిశీలన సంఘంగా కూర్చుని చదివి చూడాలి, మాస్టారు అధ్యక్షులుగా ఉండాలి అని చెప్పింది.

గవర్రాజు ఓరగా మాస్టారి వైపు చూశాడు.

"పిల్లకాయల పుస్తకాలు మాకెందుకమ్మా?" అన్నాడు హైమవతితో.

మాస్టారు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. "ఇష్టం ఉందా లేదా అన్నది కాదురా గవర్రాజూ. బాధ్యత."

"ఆయ్, బాధ్యతేనండి" అన్నాడు గవర్రాజు. అప్పటికే అతని చెయ్యి ఏనుగు మీద ఉంది.

పత్రికలన్నీ బల్ల మీదకి వాలాయి. ఆఫీసు గదిలో బొమ్మల పుస్తకాలకి ముల్లు చివరికంటా లేచి రసమాపకం కుయ్యిమంది. కౌండిన్య వైర్లు ఊడదీసి మళ్లీ పెట్టాడు. యంత్రం మళ్లీ అదే పాట పాడింది. నివేదిక పైకి వెళ్లింది, డబ్బొచ్చింది, సెలవుల మొదట్లోనే పెట్టెల నిండా పుస్తకాలు దిగాయి.

దిగినవి దిగినట్టే సంఘం ముందుకెళ్లాయి. అక్కడే ఉండిపోయాయి. సంఘం తేల్చిన పుస్తకమే అల్మరాలోకి వెళ్లాలి, సంఘం ఏదీ తేల్చదు. మూడో అధ్యాయంలో సందేహముందని ఒకరు, మొదటి భాగం మళ్లీ చూడాలని ఇంకొకరు. పిల్లలొచ్చి ఖాళీ అల్మరా ముందు నిలబడి హైమవతి వైపు చూశారు. ఆవిడ మాస్టారి వైపు చూసింది. మాస్టారు కాసేపు ఇబ్బందిగా కదిలి, పిల్లలకి తగునో తగదో పిల్లలు లేకుండా తేల్చడం తర్కానికి నిలవదని ప్రకటించి, పక్కనున్న కుర్చీ లాగాడు. ఆ రోజు నుంచి ఒక్కో పుస్తకం మీద రెండేసి మూడేసి తలలు వాలాయి. ఒకే కుర్చీలో ఇద్దరి గుండెలు కొట్టుకునేసరికి రసమాపకానికి మతిపోయింది.

ఈ వార్త పక్క ఊళ్లకి పాకింది. మాకూ పరిశీలన సంఘం కావాలని ప్రతి శాఖ నుంచీ పెద్దమనుషులు అర్జీలు పెట్టారు. సంఘాలు లేకుండా చేద్దామని పుట్టిన యంత్రం పుణ్యమా అని, ఎండాకాలం అయ్యేసరికి రాష్ట్రంలో సంఘం లేని గ్రంథాలయం లేదు. పకోడీల సంగతి చెప్పక్కర్లేదు.

కౌండిన్య మండిపడుతూ వచ్చాడు. ఇవాళ సంఘం చేత అన్నీ తేల్పించి సంతకాలు పెట్టిస్తానన్నాడు. హైమవతి సరేనంది. కాకపోతే సంతకం పెట్టించేవాళ్లు పుస్తకం చూసుండాలి కదండీ అని, ఇడ్లీబండి అతని చేతిలో పెట్టింది. అతను నిలబడే రెండు పేజీలు తిప్పాడు. మాస్టారు జరిగి చోటిచ్చాడు.

"మధ్యలోంచి కాదు నాయనా, మొదట్నించి."

సాయంత్రం హైమవతి కిటికీలు మూసి, లైట్లు తీయబోతూ, వేళైందండీ, సంతకాలు అయ్యాయా అని అడిగింది.

కౌండిన్య తలెత్తలేదు. "ఇంకా పరిశీలిస్తున్నామండీ" అన్నాడు.