కొల్లేటి వలల వ్యాగన్

...అయినా, వలను యుద్ధ సామగ్రి అని మొదట అన్నవాడెవడు? కొల్లేట్లో వల చేప కోసమే పుట్టింది. మూడేళ్ళ కిందట మిలిటరీ కాంట్రాక్టు వచ్చింది. ఫిరంగులు కనపడకుండా కప్పే వలలు కావాలన్నారు. ఏలూరు నార, గూడెం రంగు, కొల్లేటి ఆడవాళ్ళ వేళ్ళు, అన్నీ ఒకే ఒక్క కొనుగోలుదారుడి కోసం పని మొదలుపెట్టాయి. దోనెలు బోర్లించారు. వేట మానేశారు. ఇప్పుడు ఢిల్లీలో ఎవడో ఒక సంతకం ఆపితే ఇక్కడ పొయ్యిలు ఆరిపోతాయి. ఇదా అభివృద్ధి?

తాడేపల్లిగూడెం గూడ్సు షెడ్డులో ఎండుచేపల గంప పక్కన కూర్చుని పళ్ళు కొరుకుతున్నవాడు నిత్యానందం. చేపల వర్తకుడి వేషంలో ఉన్న సీక్రెట్ ఏజెంట్, నంబర్ నైన్. ఎదురుగా వ్యాగన్ నిండా వలల బేళ్ళు. వాటిలో ఏదో ఒకటి అతని తల్లి పెద్దింటమ్మ అల్లింది.

పొద్దున ఏలూరు ట్రావెలర్స్ బంగళాలో చీఫ్ రెండు ముక్కల్లో తేల్చేశాడు.

“విదేశీ కంపెనీ ముఠా ఒకటి మన బేళ్ళలో ఒకదాన్ని మార్చేసింది. యాసిడ్ పట్టించిన వల. సరిహద్దులో పరిస్తే పీలికలౌతుంది, కాంట్రాక్టు వాళ్ళకి పోతుంది. పట్టుకో.”

“దొరక్కపోతే, సార్?”

“వ్యాగన్ తగలబెట్టు. యాక్సిడెంట్‌లా కనపడాలి.” చీఫ్ ఒక పెన్ను అందించాడు. మూత తిప్పితే మంట.

“సరుకు చేరితేగాని వాళ్ళకి కూలి రాదు, సార్. ఏడాది కష్టం.”

“దేశ రక్షణ మన శాఖ. కూలి వేరే శాఖ.”

“యస్ సార్,” అన్నాడు నిత్యానందం. చీఫ్ మీద కన్నా, ఆ మాట అన్న తన నోటి మీదే అతనికి కోపం.

“కొరమీను ఉందాండీ?”

షెడ్డులో గంప పక్కన నిత్యానందం తలెత్తాడు. నల్ల కళ్ళద్దాలు, నైలాన్ చీర, సెంటు. ఆ విదేశీ కంపెనీకి ఏజెంటుగా ఉంటూ మనకి కబుర్లు చేరవేసే మిస్ రూత్. ఒకప్పుడు మిషన్ స్కూల్లో అతని తోటి రూతమ్మ.

“ఉప్పు పట్టనిదే ఉందండి.” కోడ్ సరిపోయింది. “ఏ బేలండీ?”

“నాకూ చెప్పలేదండి. అబ్బ, ఏం కంపు! ఈ వేషం మీరే ఎంచుకున్నారా?”

“వేషం కాదండీ. మా ఇంటి వాసనే.”

ఆమె నవ్వి హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. లోపల ఒక పెన్ను, అచ్చం అతని జేబులోదే.

“మీరు అంటించకపోతే ఆ పని నన్ను చెయ్యమన్నారు, మా కంపెనీవాళ్ళు.”

నిత్యానందం చెవులు వేడెక్కాయి. అంటే ఆ బేలు ఎర. వ్యాగన్ మొత్తం బూడిద కావడమే వాళ్ళకి కావలసింది. మన అగ్గితో వాళ్ళ పని!

“మన డిపార్ట్‌మెంటుకి పెన్నులు కూడా మీ కంపెనీయే సప్లై చేస్తోందా?”

“టెండర్లో తక్కువ కోట్ చేశారటండి.”

గార్డు విజిల్ వేశాడు. నిత్యానందం వ్యాగన్లోకి ఉరికాడు.

కొల్లేటి వలకి ఒక మూల ఒక కన్ను కాస్త వెడల్పుగా ఉంటుంది. చేపపిల్లలు పోవడానికి వదిలే దారి. కన్నులన్నీ సమానంగా ఉండాలని మిలిటరీ రూలు. కాని అమ్మమ్మల నాటి అలవాటు రూలు వినదు. ఫిరంగి వలకీ ఆ దారి వదిలేస్తారు, ఆ మూల పైకి వచ్చేలా మడుస్తారు. నిత్యానందం మొదటి బేలు గోనె కత్తితో చీల్చి చెయ్యి పెట్టాడు. వెడల్పు కన్ను తగిలింది. పక్కది. తగిలింది. మరొకటి. ఇంజను కూత పెట్టింది. తలుపు దగ్గరి బేలులో వేళ్ళు ఆగిపోయాయి. అన్ని కన్నులూ స్కేలు పెట్టి గీసినట్టు సమానం. గుంజాడు. తడిసిన కాగితంలా చిరిగింది.

బేలును ప్లాట్‌ఫారం మీదకి తన్నేశాడు. సరుకు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన మిలిటరీ కెప్టెన్ పరుగున వచ్చాడు. నిత్యానందం కిందికి దూకి చెవిలో తన ఏజెంట్ నంబర్ చెప్పాడు. కెప్టెన్ ఆ వలను పిడికిట్లో నలిపి చూశాడు.

“శభాష్! ఇన్నిట్లో ఇదేనని ఎలా పట్టావు?”

నిజం చెబితే మిగతా బేళ్ళన్నీ రిజెక్టు. రూతమ్మ కళ్ళద్దాలు తీసి అతని వంకే చూస్తోంది.

“వాసన, సార్. దీనికి చేప కంపు లేదు.”

“ఊఁ. అయినా మిగతావి నేనూ ఓసారి చూస్తాను.” కెప్టెన్ తలుపు సందులోంచి పక్క బేలులో చెయ్యి పెట్టాడు. వేళ్ళు మూల వైపు పాకాయి. “ఇదేమిటి, ఇక్కడ...”

పదేళ్ళ సర్వీసులో ఏ ఆఫీసరుకీ ఎదురు చెప్పని నిత్యానందం వ్యాగన్ ఇనప తలుపు పట్టుకుని బలంగా లాగి మూసేశాడు.

కెప్టెన్‌గారు చెయ్యి సమయానికే తీసుకున్నారు.