ఆదిలక్ష్మి దొరికింది

ఆ రోజు సాయంత్రం అయిదింటికే కామేశ్వరి కుట్టు మిషను మూసేసింది. పొద్దుట్నించీ ముసురు. కరెంటు లేదు. రాజోల్లో ఆ సందంతా తడిసిన కొబ్బరి డొక్కల వాసన. వీధి తలుపు గడియ పెట్టి, రోజూలాగే ఫోను పట్టుకుని కూర్చుంది.

అక్క ఆదిలక్ష్మి ఇంటిపనికని కువైట్ వెళ్ళి రెండేళ్ళయింది. ఆర్నెల్లుగా ఫోను లేదు. పంపిన ఏజెంటు నంబరు మార్చేశాడు. ఆఫీసుల చుట్టూ తిరిగి విసిగిపోయి, చివరికి అక్క ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టింది కామేశ్వరి. "మా అక్కండి. ఎక్కడైనా కనిపిస్తే ఈ నంబరుకి చెప్పండి. షేర్ చెయ్యండి, మీకు పుణ్యం ఉంటుంది." గల్ఫ్ వాళ్ళ గ్రూపుల్లోనూ, కోనసీమ గ్రూపుల్లోనూ వేలమంది షేర్ చేసేరు. దండాలు పెట్టే బొమ్మలే వచ్చేయి తప్ప కబురు రాలేదు.

ఆ సాయంత్రం వచ్చింది.

"కామేశ్వరిగారేనాండి? నా పేరు బుల్లబ్బాయండి. తాటిపాకలో ఆటో తోల్తాను. మీరు పోస్టు పెట్టిన ఆవిడ నా ఆటోలో ఉన్నారండి. రాజోలు తీసుకెళ్ళమన్నారు."

"నిజంగానాండి! మా అక్కేనా?"

"ఆయ్. ఫొటో పక్కన పెట్టుకుని చూసేనండి. నిలువునా తడిసిపోయేరు పాపం."

"ఒక్కసారి ఫోనివ్వండి బాబూ!"

"ఇస్తే తీసుకోలేదండి. నవ్వి ఊరుకున్నారు."

కామేశ్వరికి కాళ్ళు నేలమీద నిలవలేదు. పొయ్యిమీద ఎసరు పడేసింది. పెట్టెలోంచి పొడి చీర తీసింది. అక్క దొరికిందండి అని గ్రూపులో రాయబోతుంటే కువైట్ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. తెలియని ఆడగొంతు.

"అక్కా, నా పేరు సలోమి. మాది సఖినేటిపల్లి. ఇక్కడ ఆసుపత్రిలో క్లీనింగ్ పని చేస్తాను. మీ పోస్టు ఇవాళే చూసేను. ఎలా చెప్పాలో తెలీటం లేదు... ఆవిడ మార్చిలోనే పోయేరక్కా. ఎవరో ఏమిటో తెలియక ఇంకా మార్చురీలోనే ఉంచేరు. చేతిమీద పచ్చబొట్టుంది. ఫొటో పెడుతున్నాను, చూసుకోండి."

నల్లబడిన చెయ్యి. మోచేతి కింద వంకర అక్షరాలు. కామేశ్వరి... చిన్నప్పుడు తీర్థంలో ఏడుస్తూనే అక్క పొడిపించుకున్న పేరు.

ఆమె ఆటో అతనికి ఫోను కలిపింది.

"బుల్లబ్బాయిగారూ... ఆవిడ ఉందాండి?"

"ఆయ్. వెనకాలే ఉన్నారండి."

"ఆటో ఆపెయ్యండి..."

"ఇంకెక్కడండీ, మీ సందులోకి తిప్పేసేను. దారంతా ఆవిడే చెప్పేరు."

ఈ ఇంట్లోకి కామేశ్వరి మారింది అక్క వెళ్ళిపోయేక. ఈ సందు అక్క ఎన్నడూ చూడలేదు.

ఆటో చప్పుడు దగ్గరకొచ్చింది. గుమ్మం ముందు ఆగింది.

అక్కే కదా, అనుకుంది. వానలో నిలబడి ఉందేమో, అనుకుంది. గడియ దాకా వెళ్ళిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. తలుపు కిందనుంచి చల్లగాలి... ఐసుపెట్టె తెరిచినట్టు. దాని వెంట ఆసుపత్రి మందు వాసన.

తలుపు ఎవరూ తట్టలేదు.

ఎవరూ పిలవలేదు.

కాసేపటికి ఆటో వెళ్ళిపోయింది. కామేశ్వరి గోడకి జారగిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తెరవనందుకు ఏడ్చిందో, గండం గడిచినందుకు ఏడ్చిందో ఆమెకే తెలీలేదు.

ఫోను మోగింది. గ్రూపులో బుల్లబ్బాయి ఫొటో పెట్టేడు. "అక్కచెల్లెళ్ళు కలిసేరండి. షేర్ చేసిన అందరికీ దండాలు."

ఫొటోలో వాన. తన గుమ్మం. తలుపు బార్లా తీసి ఉంది. తడిసిన చీరలో అక్క. ఆవిడ చెయ్యి పట్టుకుని, నవ్వుతూ, లోపలికి తీసుకెళ్తున్నది... కామేశ్వరి. ఇప్పుడు ఒంటిమీదున్న ఈ చీరే.

కింద అప్పుడే యాభైమంది సంతోషం, సంతోషం అని రాస్తున్నారు.

తలెత్తి చూసింది. గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది.

అప్పుడు వినిపించింది. వెనక గదిలో ఎవరో మెల్లగా మాట్లాడుకుంటున్నారు. ఇద్దరు ఆడవాళ్ళు. ఒకటి అక్క గొంతు. రెండోది...

"అక్కా," అంటోంది తన గొంతు, గుసగుసగా. "వీధిగదిలో ఎవరో ఏడుస్తున్నారే..."