కొట్టేసిన లైను

కాలేజీ హెల్ప్ డెస్క్ వెనక కూర్చున్న అమ్మాయి తల ఎత్తకుండానే చేయి చాపింది. అతను అప్లికేషన్ ఇచ్చాడు. బయట వాన దంచి కొడుతోంది. అతని చొక్కా నుంచి నీళ్ళు ఆమె టేబుల్ మీదికి కారుతున్నాయి.

"కాగితాలు తడిస్తే మా పూచీ లేదు," అంది, అప్పటికీ తల ఎత్తకుండా.

ఆ గొంతు అతనికి తెలుసు. వెళ్ళిపోదామనుకున్నాడు. కాని అప్లికేషన్ ఆమె చేతిలో ఉంది. వెనక వరుసలోని వాళ్ళు అతని వీపుకు ఆనుకుని ఉన్నారు.

ఆమె అప్లికేషన్‌లో అతని పేరు చదివి ఆగింది. అప్పుడు చూసింది.

"కార్బన్," అంది.

స్కూల్లో ఆఖరి ఏడు అతనికి పడిన పేరు అది. ఈ మూడేళ్ళలో ఎవరూ పిలవలేదు. అతనికి చెవులు వేడెక్కాయి.

"నువ్విక్కడ..."

"ఫిజియోథెరపీ ఫస్టియర్ అయిపోయింది. సెలవుల్లో ఖాళీగా ఉన్నానని ఈ కుర్చీ తగిలించారు. నీకేంటి, ఇన్నాళ్ళకు చదువు మీద ప్రేమ పుట్టింది?"

"ఆసుపత్రిలో వీల్‌చైర్లు తోస్తున్నాను. పేషెంట్లని ఎక్సర్‌సైజ్ గది తలుపు దాకా తీసుకెళ్ళి వదిలేస్తాను. లోపల ఏం చేస్తారో నేర్చుకోవాలనిపించింది."

ఆ మాటకు ఆమె వెటకారమేమీ చేయలేదు. పేజీ తిప్పింది. గతంలో మీ మీద ఏదైనా క్రమశిక్షణ చర్య తీసుకున్నారా, తీసుకుంటే వివరించండి అన్న ప్రశ్న కింద అతను రాసింది చదివింది. అతనికి మాత్రం వినపడేంత చిన్నగా, పైకే చదివింది.

"'పరీక్షలో ఒక పొరపాటు జరిగింది. అందువల్ల సస్పెండ్ కావడం జరిగింది.' బాగుంది. అన్నీ వాటంతటవే జరిగిపోయాయి. నువ్వు పాపం అక్కడ వాన చూస్తూ కూర్చున్నావు."

"అలా రాయడమే మర్యాదనుకున్నాను."

"ఎవరికి మర్యాద?"

అతను టేబుల్ మీద పడ్డ నీళ్ళను చేత్తో తుడిచాడు.

జరిగింది ఇదీ. జీవశాస్త్రం పరీక్షలో ఆమెది ముందు బెంచీ, అతనిది వెనక బెంచీ. గుండెకు మూడు గదులుంటాయని రాసి, నాలుక కరుచుకుని, ఆ లైను కొట్టేసి, నాలుగని రాసింది ఆమె. అతను ఆమె భుజం పక్కనుంచి చూస్తూ మూడని రాశాడు, కొట్టేశాడు, నాలుగని రాశాడు. నాలుక కరుచుకోవడం ఒక్కటే కాపీ కొట్టలేదు. రెండు పేపర్లలో ఒకే చోట ఒకే కొట్టివేత కనపడేసరికి హెడ్మాస్టర్ ఇద్దరినీ గదిలోకి పిలిపించారు. ఆ అమ్మాయి చూపించిందా, నువ్వే చూశావా అని అతన్ని అడిగారు. అతను నేల చూపులు చూశాడు. చూపించిందని అనలేదు. లేదనీ అనలేదు. హెడ్మాస్టర్ ఆ మౌనాన్ని తనకు తోచినట్టు అర్థం చేసుకుని ఇద్దరినీ సస్పెండ్ చేశారు. కార్బన్ కాపీ అని క్లాసంతా నవ్వింది, ఆ పేరే అతనికి మిగిలింది.

"చూసి రాసినవాళ్ళని చాలామందిని చూశాను," అంది ఆమె, అప్లికేషన్ తిరిగి ఇస్తూ. "కొట్టేసిన లైను కూడా కొట్టేసినవాణ్ణి మాత్రం నిన్నే చూశాను. ఇది ఇలా తీసుకోను. మళ్ళీ రాసుకురా. నెక్స్ట్."

అతను వెళ్ళలేదు. కౌంటర్ మూసేదాకా సైకిల్ స్టాండు రేకుల కింద నిలబడ్డాడు. ఆమె గొడుగు తెరుస్తూ బయటికి వచ్చి, అతన్ని చూసి, తెరిచిన గొడుగు మూసింది.

"ఏంటి, ఇప్పుడు నా గొడుగు చూసి రాద్దామనా?"

"నువ్వు చూపించలేదని రాస్తాను. నీకు తెలియకుండా చూశానని రాస్తాను. అప్పుడు నోరు మూసుకుని నిలబడ్డానని కూడా రాస్తాను. ఇవాళే రాసిస్తాను."

ఆమె సంతోషిస్తుందనుకున్నాడు. ఆమె ముఖం పాలిపోయింది.

"వద్దు. రాయకు."

"ఎందుకు? నిజమే కదా."

"నిజం నేనూ రాశాను. మొదటి ఏడు ఇదే ప్రశ్న కింద, నేను చూపించలేదు, నాకేమీ తెలియదు అని రాశాను. తప్పు ఒప్పుకునే గుణం లేదని సీటివ్వలేదు. ఏడాది ఇంట్లో కూర్చున్నాను. రెండో ఏడు చూపించాను, బుద్ధొచ్చింది అని రాశాను. వెంటనే రమ్మన్నారు." ఆమె గొడుగు కొసతో నీటి మడుగును కెలికింది. "ఇప్పుడు నీకు నిజం పూనిందనుకో, అబద్ధం రాసి చేరిందని నన్ను పంపేస్తారు."

తాను కాజేసింది నాలుగు మార్కుల జవాబనే అతను ఇన్నాళ్ళూ అనుకున్నాడు. వాన శబ్దం పెద్దదయింది. అది కొంత నయమనిపించింది.

"అయితే నేను అప్లై చేయను," అన్నాడు.

"ఎంత సుళువో. అప్పుడు మాట మానేశావు, ఇప్పుడు కాలేజీ మానేస్తావు. మానేయడంలో నీకు డిస్టింక్షన్ ఇవ్వొచ్చు."

"మరి నన్నేం చేయమంటావు?"

ఆమె గొడుగు కొసను మడుగులోంచి తీసి విదిలించింది.

"మా నాన్న నన్ను నమ్మాడు. స్కూలుకొచ్చి హెడ్మాస్టర్‌తో గొడవ పడ్డాడు, మా అమ్మాయి అలాంటిది కాదని. తర్వాత ఆ రెండో కాగితం మీద నాన్న సంతకం కూడా కావాల్సొచ్చింది. చదివి, అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు రాసింది అబద్ధమా అన్నాడు. సీటు కోసం రాశానని చెప్పాను. సరేనన్నాడు. కాని అప్పట్నుంచీ నేనేం చెప్పినా ఒకసారి అమ్మ వంక చూస్తాడు, నిజమేనా అన్నట్టు. బస్సు లేటయిందన్నా చూస్తాడు." గొడుగు తెరిచింది. "ముందు మా నాన్నకి చెప్పు. కాలేజీ సంగతి తర్వాత."

ఆదివారం పొద్దున అతను వాళ్ళ నాన్న కొట్టుకు వెళ్ళాడు. కిటికీలకు, ఫొటోలకు అద్దాలు కోసి ఇచ్చే కొట్టు. గోడలకు ఆనించిన అద్దాలన్నిటిలోనూ అతనే కనపడుతున్నాడు. ఎటు తిరిగినా తన మొహం తప్పించుకునే వీలు లేదు. కొట్టు వెనకే ఇల్లు. మధ్యలో ఒక తెర.

"కొలత తెచ్చావా బాబూ?" అన్నాడు ఆయన, బల్ల మీద పరిచిన అద్దం మీంచి తల ఎత్తకుండా.

"కొలత కాదండీ."

"కొలత లేకుండా ఎలా కోయమంటావు? కిటికీకా, ఫొటోకా?"

"అద్దానికి రాలేదండీ. నేను మీ అమ్మాయి క్లాస్‌మేట్‌ని. అప్పుడు స్కూల్లో పొరపాటు జరిగి..."

తెర వెనక ఎవరో గట్టిగా దగ్గారు.

అతను మాట మార్చుకున్నాడు. "జరగలేదండీ. నేను చేశాను. మీ అమ్మాయి పేపరు ఆమెకి తెలియకుండా చూసి రాశాను. హెడ్మాస్టర్ అడిగితే నోరు విప్పలేదు. ఆమె మీకు మొదట చెప్పిందే నిజం."

ఆయన అద్దం కోసే కలాన్ని నెమ్మదిగా పక్కన పెట్టాడు. చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. తుడిచిన చేతులనే మళ్ళీ తుడిచాడు.

"ఈ ఒక్క మాట చెప్పడానికి మూడేళ్ళు పట్టిందా?"

"భయమండీ."

"ఎవరంటే?"

"మొదట హెడ్మాస్టర్‌గారంటే. తర్వాత ఆమె అంటే."

"ఇప్పుడో?"

"ఇప్పుడు సిగ్గండీ."

ఆయన తెర వైపు తిరిగాడు. "బుజ్జీ," అని పిలిచాడు. తెర తొలగింది. ఆమె వెనక వాళ్ళ అమ్మ కూడా నిలబడి ఉంది. ఆయన అమ్మ వంక చూడలేదు. కూతుర్నే చూశాడు.

"స్కూల్లో అంత గొంతు చించుకుని అరిచినవాణ్ణి," అన్నాడు. "ఇంట్లో మాత్రం నిన్ను..."

మాట పూర్తి కాలేదు. ఆమె వచ్చి ఆయన పక్కన నిలబడి, బల్ల మీద గాజు పొడి బ్రష్షుతో ఊడ్చసాగింది. ఊడ్చడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు.

కాసేపటికి ఆయన తేరుకున్నాడు. "నువ్వంటే నాకు కోపం పోలేదయ్యా," అన్నాడు అతనితో. "పోతుందని కూడా చెప్పను. కాని నిలబడే ఉన్నావు, కూర్చో."

అతను కూర్చున్నాడు. ఆమె బ్రష్షు కింద పెట్టింది.

"రాయి," అంది. "ఉన్నదున్నట్టు రాయి. నేనూ నాది మార్చి రాసిస్తాను. పంపేస్తే పంపేస్తారు. నేను చేయని పని నా పేరు మీద పెట్టుకుని ఆ కాలేజీలో ఇంకో మూడేళ్ళు తిరగలేను."

"బుజ్జీ, సీటు..." అంది అమ్మ.

"రాయనీ," అన్నాడు నాన్న. "ఆ కాగితం మీద సంతకం నాది కూడా. నాకే మనసొప్పని దానికింద సంతకం పెట్టాను. నేనూ వస్తాను."

మర్నాడు కాలేజీలో ప్రిన్సిపాల్ మేడమ్ కాగితాలన్నీ బల్ల మీద పరిచి, ఒకదాని తర్వాత ఒకటి చదివారు. గదిలో ముగ్గురూ నిలబడి ఉన్నారు. అతనికి భయంగా ఉంది. తనకేమవుతుందని కాదు. పక్కన నిలబడ్డ ఆమె తన పెన్ను మూత పెట్టి తీస్తోంది, మళ్ళీ పెడుతోంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా అతను మేడమ్ ముఖం వంక చూస్తున్నాడు.

"మొదటి ఏడు నీ అప్లికేషన్ తిప్పి పంపిన కమిటీలో నేనున్నానమ్మా," అన్నారు మేడమ్ చివరికి. కళ్ళజోడు తీశారు. "నిజం రాస్తే పొమ్మన్నాం. అబద్ధం రాస్తే రమ్మన్నాం. ఇప్పుడు నిన్ను తప్పు పట్టడానికి నాకు మొహం చెల్లదు. పాతది తీసేసి ఇది పెడతాను. నీ సీటు జోలికి ఎవరూ రారు. మీరిద్దరూ వెళ్ళండి. ఇతనితో మాట్లాడాలి."

అతను బయటికి వచ్చేసరికి వాళ్ళ నాన్న గేటు దగ్గర వాచ్‌మన్‌తో కిటికీ అద్దాల గురించి మాట్లాడుతున్నాడు. ఆమె వరండాలో ఒక్కతే ఉంది.

"ఏమన్నారు?"

"కమిటీకి పెడతారట. ఈ ఏడు కష్టమే అన్నారు. మూడేళ్ళు దాచినవాణ్ణి ఒక్క కాగితం చూసి నమ్మమంటే ఎలా అన్నారు. వచ్చే ఏడు మళ్ళీ రమ్మన్నారు."

ఆమె ఏదో అనబోయింది.

"వద్దు," అన్నాడు అతను. "ఓదార్చకు. ఆవిడ చెప్పింది సబబే. నువ్వు ఏడాది ఇంట్లో కూర్చున్నావు. నేను కనీసం వీల్‌చైర్లు తోస్తాను."

వరండా చూరు నుంచి నీళ్ళు పడుతున్నాయి. ఆమె అరచేయి చాపి ఒక ధారను పట్టింది, వదిలేసింది.

"వచ్చే ఏడు చేరితే నాకు జూనియర్‌వి," అంది. "చాలా జూనియర్‌వి. ఇక్కడ సీనియర్ అమ్మాయిల్ని అక్కా అనాలి, తెలుసా?"

"ఏదైనా అంటాను. అది అనను."

"రూలు."

"అయితే ఇంకో కాలేజీ చూసుకుంటాను."

"అంత కష్టమేముంది అందులో?"

అతను చెప్పకుండా ఉండిపోవచ్చు. చేసిన పనికి, ఈ మాట చెప్పే అర్హత తనకు లేదని స్కూలు రోజుల నుంచీ అనుకుంటూనే ఉన్నాడు. ఇప్పుడూ ఉందో లేదో తెలియదు.

"నీ పేపరు చూడటానికి ముందే నిన్ను చూసేవాణ్ణి," అన్నాడు. "రోజూ. అందుకే మరీ సిగ్గు. నువ్వంటే ఇష్టం. నువ్వు కాదన్నా సరే, అక్కా అని మాత్రం పిలవలేను."

ఆమె ఇటు తిరగలేదు. చెవి అంచు మాత్రం ఎర్రబడింది.

"మరి ఏమని పిలుస్తావు?"

"నువ్వే చెప్పు."

"నాకో పేరుంది. ఆ పరీక్ష తర్వాత నీ నోటి వెంట ఒక్కసారీ రాలేదు. ఇవాళ మేడమ్ ముందు కూడా 'ఆమె', 'ఆమె' అన్నావు."

నిజమే. ఆ పేరు పలికే హక్కు పోగొట్టుకున్నాననుకునేవాడు. గొంతు సవరించుకున్నాడు. మొదటి అక్షరం దగ్గర తడబడ్డాడు. మళ్ళీ మొదలుపెట్టి, పూర్తిగా, పేరు పెట్టి పిలిచాడు.

"ఊఁ," అంది ఆమె.