ఐదో మార్కు

మా ఇంటి వెనకవైపు కిటికీ లేని గది ఒకటి ఉంది. బడి ఉద్యోగం నుంచి రిటైరయ్యాక కొన్నేళ్లు అందులో ట్యూషన్లు చెప్పాను. ఒక నల్లబల్ల, ఒక టేబులు, అయిదు కుర్చీలు. ఓపిక తగ్గి ట్యూషన్లు మానేశాక ఆ గదిని మనవరాలికి ఇచ్చేశాను. తను గోడల నిండా పాత బొంతలు వేలాడదీసింది. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కింది. రెండు పెద్ద స్పీకర్లు తెచ్చి పెట్టింది. నల్లబల్లని మాత్రం తీయనివ్వలేదు నేను.

ప్రతి శనివారం సాయంత్రం ఆరున్నరకి అక్కడ నలుగురు చేరి కొత్తగా వచ్చిన హెవీ మెటల్ ఆల్బమ్ ఒకటి వింటారు. ఆ సంగీతం ఎలా ఉంటుందో తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. గిటార్ల మోత గోడ కట్టినట్టు ఉంటుంది. డ్రమ్ములు గుండెకాయ కన్నా వేగంగా కొట్టుకుంటాయి. వాటిని దాటుకుని ఒక మనిషి అరుపు వస్తుంది. మొదట్లో ఇల్లు కూలుతోందేమో అనిపించేది. నెమ్మదిగా చెవి అలవాటుపడింది. ఏది కోపంతో అరిచిన అరుపో, ఏది ఏడవలేక అరిచిన అరుపో తెలియడం మొదలైంది. నలభై మంది పిల్లల గోలలో ఎవడు గిల్లాడో, ఎవడు గిల్లించుకున్నాడో పోల్చుకున్న చెవులే కదా ఇవి.

వచ్చేవాళ్లలో ఒకడు మోటారుసైకిళ్లు బాగుచేసే మెకానిక్. రోజంతా ఇంజన్ల మధ్య ఉండి, సాయంత్రం మళ్లీ ఈ మోత వింటాడు. ఒకమ్మాయి నర్సు. డ్యూటీ దిగి, కాళ్లు లాగుతున్నా నేరుగా ఇక్కడికే వస్తుంది. ఇంకొకడు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. ఏ ఆల్బమ్‌కీ నిండు మార్కు ఇవ్వడు కాబట్టి వాడి పేరు అరమార్కు. నాలుగోది మా మనవరాలు. మనిషి ఇంతే ఉంటుంది, గొంతు మాత్రం వీధి చివరికి వినిపిస్తుంది. అందరూ పిచ్చుక అంటారు. ఫోన్లో ఫిర్యాదులు వినే కంపెనీలో ఉద్యోగం. పగలంతా గొంతు తేనెలో ముంచి మాట్లాడాలి. ఇంటికొచ్చాక పొట్టలోంచి గర్జించడం సాధన చేస్తుంది. ఒక పేరున్న బృందంలో పాడాలని దాని కల.

మార్కుల పద్ధతి నేను పెట్టిందే. మొదట్లో ఒకరి మొహం చూసి ఒకరు మార్కులిచ్చేవాళ్లు. అందుకని ఆల్బమ్ మొదలయ్యే ముందు దీపం ఆర్పేయాలన్నాను. అయిపోయేదాకా ఎవరూ మాట్లాడకూడదు. అయ్యాక ఆ చీకట్లోనే, తలా ఒక అంకె చెప్పాలి. చెప్పింది చెప్పినట్టు నేను నల్లబల్ల మీద తడుముకుంటూ రాస్తాను. ఆ తర్వాతే దీపం, ఆ తర్వాతే పోట్లాట.

దీపం ఆర్పే ముందు హాజరు పిలుస్తాను. పాత అలవాటు.

"మెకానిక్?"

"ఉన్నా టీచరమ్మా."

"కూర్చో. నర్సు?"

"ఉన్నా. నిద్రపోతే లేపండి."

"కూర్చో. అరమార్కు?"

"సగం ఉన్నా."

"ఆ సగమే కూర్చో. పిచ్చుక?"

"ఉన్నానమ్మమ్మా."

"కూర్చో."

అయిదో కుర్చీ నాది. కానీ నేను బల్ల దగ్గర నిలబడే ఉంటాను కాబట్టి అది ఖాళీగా ఉంటుంది.

ఇంకో నియమం కూడా ఉంది. బల్ల పైమూల నా చేత్తో రాసి, చెరపకుండా ఉంచాను. "పది ఇచ్చినవాళ్లు వారం పాటు ఇంటికి తీసుకెళ్లవచ్చు. శనివారం తిరిగి ఇవ్వాలి." పదికి పది ఊరికే పారేయకూడదని పెట్టిన నియమం అది. నచ్చిందంటే దానితో వారం గడిపి చూపించాలి.

వానలు పట్టిన రోజుల్లో మెకానిక్ ఒక కొత్త ఆల్బమ్ తెచ్చాడు. ఎక్కడో కూలిపోయిన గని గురించిన పాటలట. చివరి పాటలో గిటార్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. డ్రమ్ము ఆగింది. ఎవరో ఊపిరి పీలుస్తున్న చప్పుడు మాత్రం మిగిలింది. అది కూడా ఆగింది.

మార్కులు చెప్పారు. రాశాను. దీపం వేశాను.

బల్ల మీద అయిదు అంకెలున్నాయి. ఏడు, ఎనిమిది, ఆరున్నర, ఏడు. వాటికింద రెండు.

"రెండెవరిచ్చారు?" మెకానిక్ లేచి నిలబడ్డాడు. "ఆ డ్రమ్ముల పని చూసి కూడా రెండా? చెవులున్నాయా మీకు?"

"నా వైపు చూడకు బాబూ. నాకు నిండు అంకె నోటికి రాదు," అన్నాడు అరమార్కు.

"టీచరమ్మా, మీరు గానీ వేశారా?" అంది నర్సు.

"విన్నదే రాశాను," అన్నాను.

అది నిజం. విన్నాను కాబట్టే రాశాను. ఎవరి గొంతో అప్పుడు ఆలోచించలేదు. లెక్కపెట్టనూ లేదు.

తర్వాతి వారం మూడు. ఆ తర్వాత ఒకటి. ఇదంతా నేనే ఆటపట్టిస్తున్నానని పిల్లలు తేల్చేశారు. "అయిదో ఆయన" అని పేరు కూడా పెట్టారు. "నాలుగిచ్చాడంటే ఆల్బమ్‌లో సరుకున్నట్టే," అనేవాడు మెకానిక్. ఏ వారం ఏది తేవాలా అని బస్సుల్లో, పని మధ్యలో ఫోన్లలో వెతికేవాళ్లు, అయిదో ఆయన చేత అయిదన్నా ఇప్పించాలని పట్టుదల.

నేను మాత్రం చెవి పెట్టి వింటున్నాను. ఆ గొంతు ఆడదో మగదో తెలియదు. మనం ఊపిరి వదులుతూ మాట్లాడతాం కదా. అది ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడేది. ఖాళీ కుర్చీ వైపు నుంచి వచ్చేది. వచ్చే ముందు ఒక వాసన... తడి పలక వాసన. చిన్నపిల్లలు ఉమ్మితో తుడిచిన పలక ఉంటుందే, అలాంటిది.

అప్పుడే ఆపేయాల్సింది. ఎందుకు ఆపలేదంటే, చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ మార్కులు న్యాయంగా ఉండేవి. నేను మనసులో వేసుకున్న మార్కూ అదే అయ్యేది. గట్టి పరీక్షకుడంటే నాకు మొదటినుంచీ గౌరవం.

ఒక శనివారం పిచ్చుక తన సొంత ఆల్బమ్ తెచ్చింది. ఏడు పాటలు, డబ్బాలో పెట్టిన ఒక డిస్కు. ఇంకో రెండు వారాల్లో ఆ పేరున్న బృందం వాళ్లు దాని గొంతు పరీక్షిస్తామన్నారు.

"అమ్మమ్మా, అయిదో ఆయన మూడిస్తే నేను ఏడుస్తాను. ముందే చెప్తున్నా," అంది నవ్వుతూ.

హాజరు పిలిచాను. దీపం ఆర్పాను.

పిచ్చుక గొంతు ఆ చీకటిని నింపేసింది. నేను రోజూ జడ వేసే పిల్లేనా ఇది అనుకున్నాను. అయిదో పాటలో ఒక్క గర్జన... ఎంతసేపని... నా ఊపిరే ఆగిపోయింది. అరవలేక నేను మింగినవన్నీ ఆ పిల్ల నా బదులు అరుస్తున్నట్టు ఉంది.

పాటలు అయిపోయాయి.

"ఎనిమిది," అన్నాడు మెకానిక్.

"తొమ్మిది," అంది నర్సు.

"తొమ్మిది. నిండుగా తొమ్మిది," అన్నాడు అరమార్కు.

తన పాటకి తను మార్కు ఇచ్చుకోనంది పిచ్చుక. రాయడం అయిపోయినట్టే. దీపం వైపు చెయ్యి చాపాను.

తడి పలక వాసన.

నా చేతిలో సుద్దముక్క చల్లబడింది...

"పది."

సుద్ద విరిగింది. దీపం వేశాను. నలుగురూ నన్నే చూస్తున్నారు. ఆ మాట ఖాళీ కుర్చీ వైపు నుంచి రావడం ఈసారి అందరూ స్పష్టంగా విన్నారు. అది నేను అన్నది కాదని నాకు తెలుసు, ఇప్పుడు వాళ్లకీ తెలిసింది.

మెకానిక్ బల్ల మీది నియమం చూసి, "ఇంకేం... ఇంటికి తీసుకెళ్తాడు," అన్నాడు.

భయానికి అందరికీ నవ్వొచ్చింది. పిచ్చుక కూడా నోరు తెరిచి నవ్వింది.

చప్పుడు రాలేదు.

డాక్టరు గొంతులోకి లైటు వేసి చూశాడు. అంతా శుభ్రంగా ఉందన్నాడు. వారం చూద్దామన్నాడు. ఆఫీసుకి సెలవు పెట్టించాను. పిల్ల మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకుంది. నాలుగో రోజు నా చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్లి ఆ డిస్కు పెట్టింది. గిటార్లున్నాయి. డ్రమ్ములున్నాయి. దాని గొంతు ఉండాల్సిన చోట ఏమీ లేదు. పన్ను ఊడిన చోటులా ఉంది.

నియమం నేను రాసింది. తీసుకున్నదాన్ని తిరిగి ఇప్పించాల్సింది కూడా నేనే.

శనివారం ముగ్గురినీ రావద్దన్నాను. పిచ్చుకని వంటింట్లో కూర్చోబెట్టాను. ఒక్కదాన్నే గదిలోకి వెళ్లి, తలుపు వేసి, డిస్కు పెట్టి, దీపం ఆర్పాను. గొంతులేని ఏడు పాటలూ నిలబడి విన్నాను. స్పీకర్ల వేడికి బొంతల్లో పాత దూది వాసన లేచింది. పాటలు ఆగాయి. వాసన మారింది.

"వారం అయింది," అన్నాను. "నియమం బల్ల మీదే ఉంది. తీసుకెళ్లింది ఇచ్చెయ్."

ఖాళీ కుర్చీ వైపు చెయ్యి చాపాను.

కుర్చీ వైపు నుంచి పిచ్చుక గొంతు వచ్చింది. అచ్చం పిచ్చుకదే. మర్యాదగా, నెమ్మదిగా...

"ఇంకో వారం ఉంచుకోనా టీచర్?"

ముప్పై అయిదేళ్లు వాడిన గొంతు ఒకటుంది నాకు. వెనక బెంచీలో ఊపిరి కూడా ఆగిపోయే గొంతు. అది తీశాను.

"కుదరదు. అందరికీ ఒకటే నియమం. ఇక్కడ పెట్టు. ఇప్పుడే."

ఎవరో ఊపిరి లోపలికి పీల్చారు. పొడుగ్గా. గని పాటలో లాగా.

వంటింట్లోంచి కేక వినిపించింది. "అమ్మమ్మా! వచ్చేసింది! నా గొంతు వచ్చేసిందమ్మమ్మా!"

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దీపం కోసం తడుముకుంటున్నాను.

నా చెవి పక్కనే, మెల్లగా...

"పది."

వస్తున్నా తల్లీ అని చెప్పబోయాను. పెదవులు కదిలాయి. అంతే.

అందుకే ఇదంతా రాస్తున్నాను.

మొన్న బుధవారం పిచ్చుక పరీక్షలో పాడింది. వాళ్లు తీసుకున్నారు. ఇంటికొచ్చి నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. "శనివారం నేను వెళ్లి అడుగుతానమ్మమ్మా. నాకు ఇప్పించావుగా, నీకు నేను ఇప్పిస్తా," అంది. నేను కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాను. "వద్దు. అడగాలంటే గొంతు కావాలి. గొంతున్నవాళ్లు ఎవరూ ఆ గదిలోకి వెళ్లకూడదు. నాది దాని దగ్గరే ఉండనీ. నేను మాట్లాడాల్సినవన్నీ మాట్లాడేశాను." గదికి తాళం వేసి, తాళంచెవి నడుముకి కట్టుకున్నాను.

ఇవాళ శనివారం.

ఆరున్నరకి ఈ వంటింటి బల్ల దగ్గరే కూర్చున్నాను. పిచ్చుక స్నానానికి వెళ్లింది. నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. అప్పుడు తాళం వేసిన గదిలోంచి నా గొంతు వినిపించింది.

"మెకానిక్?"

వాడు ఇక్కడ లేడు.

"నర్సు?"

హాజరు. నేను పిలిచే వరసలోనే. చివర ఎవరి పేరుందో నాకు తెలుసు. లేచాను. కుర్చీ పడిపోయింది. నడవాలో పరుగెత్తాను. ఈ వయసులో, ఈ మోకాళ్లతో...

"అరమార్కు?"

స్నానాల గది తలుపు మీద రెండు చేతులతో బాదాను. మాట్లాడకు. మాట్లాడకే తల్లీ. నోరు తెరిచి అరుస్తున్నాను. గాలి కూడా రావడం లేదు. లోపల నీళ్లు ఆగాయి. నా బాదుడుకే ఆపింది.

"పిచ్చుక?"

"ఉన్నానమ్మమ్మా!"

తలుపు తీసుకుని, తడి జుట్టుతో, తువ్వాలు చుట్టుకుని నా ఎదురుగా వచ్చి నిలబడింది. "ఏమైంది? అంత గట్టిగా పిలిచావు... అమ్మమ్మా, నీ గొంతు వచ్చేసిందా?" అంది. మాట్లాడుతూనే ఉంది. గొంతు ఉంది. దాని మొహం రెండు చేతుల్లోకి తీసుకున్నాను.

నడవా చివర, ఆ గదిలోంచి నా గొంతు, "కూర్చో," అంది.

తాళం వేసిన తలుపు వెనక, కుర్చీ ముందుకి జరిగిన చప్పుడైంది. పిచ్చుక ఇక్కడ నా చేతుల్లో ఉండగానే, అక్కడ పిచ్చుక చోట ఎవరో కూర్చున్నారు.