కరిగే తీగ

"ఫ్యూజులో ఈ రాగి తీగ చుట్టిన మహానుభావుడెవరండీ?"

గోడలోంచి కాలిన వాసన వస్తోందని పిలిస్తే వచ్చిన ఎలక్ట్రీషియన్, స్టూలెక్కి మరీ విసుక్కున్నాడు.

"మహానుభావురాలు. నేనే" అంది కుట్టుషాపు అమ్మాయి, కత్తెర కింద పెట్టకుండానే. "మామూలు తీగ ఊరికే కరిగిపోతోంది మరి."

"అది కరగడానికేనండీ పెట్టేది! లోడెక్కువైతే ముందు అది కరిగి కరెంటు ఆపేస్తుంది. రాగి అంత తేలిగ్గా కరగదు. ఈలోగా గోడలో వైర్లు కాలిపోతాయి."

"ఇంతకీ మీరు ఏ రకం? మామూలు తీగా, రాగి తీగా?"

అతను చెవుల దాకా ఎర్రబడ్డాడు. "నన్నెవరూ వేడిచేసి చూళ్ళేదండి."

ఆ వానాకాలమంతా షాపులో ఫ్యూజు పోతూనే ఉంది. తడిసిన గొడుగు గుమ్మంలో పెట్టి అతను వస్తూనే ఉన్నాడు.

"ఇస్త్రీపెట్టె, హీటరు ఒకేసారి వెయ్యొద్దని ఆయన చెప్పలేదూ?" అంది షాపులో తోడుగా కూర్చునే వదిన, గుండీ కుడుతూ.

"మర్చిపోయానొదినా."

"పాపం, నీకెంత మతిమరుపో!"

ఒకరోజు తీగ బిగిస్తూ, గోడవైపే చూస్తూ అడిగాడతను. "ఇలా మాటిమాటికీ పోతుంటే మీకు ఇబ్బందిగా ఉందా?"

లేదంటే సరిపోయేది. వదిన పెదవులు బిగబట్టి నవ్వాపుకుంటోంది. అమ్మాయికి ఎక్కడలేని బింకం వచ్చింది.

"ఉండదా మరి? మీ మొహం చూసీ చూసీ విసుగొచ్చేసింది!"

అంటూ నవ్వింది. గోడవైపు తిరిగి ఉన్నవాడికి ఆ నవ్వు కనపడలేదు.

మర్నాడే వచ్చి, పాత ఫ్యూజు పీకేసి కొత్త స్విచ్చు బిగించాడు.

"ఇందులో కరిగే తీగ ఉండదండి. లోడెక్కువైతే ఇదే కిందికి పడిపోతుంది. మీరే పైకి నెట్టుకోవచ్చు. ఇక నాతో పనుండదు."

ఆమె చెప్పాలనుకున్నది వేరు. చివరికి వచ్చిన మాట ఒక్కటే. "థాంక్సండి."

అతను తలూపి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

మళ్ళీ వాన పట్టిన రోజు ఆమె ఇస్త్రీపెట్టె పెట్టింది. హీటరూ వేసింది. టక్కుమంది. లైటు ఆరిపోయింది.

వదిన ఈసారి నవ్వలేదు. "ఫోన్ చెయ్యనా?" అంది మెల్లగా.

"ఏం పాడైందని చెబుతావొదినా?"

హీటరు ఆపి, స్టూలెక్కి, ఒక్క వేలితో స్విచ్చు పైకి నెట్టింది.

లైటు వెలిగింది. అంత సులువుగా బాగవడం చూసి ఆమెకు ఏడుపొచ్చింది.